గాజుచర్మ పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

ఇది చాటుపద్యం. కర్త పేరు తెలియదు. స్నానాల గదిలో అద్దానికి అంటించి, తడికి సగం ఊడిపోయిన కాగితం మీద దొరికింది. ఛందస్సు తెలుగుది, వస్తువు కొరియాది. పొద్దునొకసారి, రాత్రొకసారి ముఖానికి వరసగా ఏడో ఎనిమిదో పదో పూతలు పూసుకునే విధానం ఇందులో చెప్పబడింది. దీన్ని వ్రతకల్పమంటే తప్పులేదు. సామగ్రి ఉంది, క్రమం ఉంది, క్రమం తప్పితే ఫలం దక్కదన్న భయం ఉంది, మధ్యలో ఎవరు పిలిచినా పలక్కూడదన్న నియమమూ ఉంది. వ్రతకథ మాత్రం లేదనుకుంటారేమో, అదీ ఉంది. తగిన చోట చెబుతాం.

మూలం

నూనెఁ బూసియు నురుగుతో నోర్మిఁ గడిగి
తడిని నత్తల జిగురును దట్టి తట్టి
కంటి కొసలకు వేలితోఁ గడఁగి యలఁది
యెండగొడుగును బూసి తా నింట నుండు

తేటగీతి. గణాలూ యతులూ సరిపోయాయి. నాలుగు పాదాలకూ కలిపి సమాపక క్రియ ఒక్కటే, అదీ చిట్టచివర. మిగిలినవన్నీ క్త్వార్థకాలు: పూసి, కడిగి, తట్టి, మళ్ళీ తట్టి, కడఁగి, అలఁది, మళ్ళీ పూసి. వస్తువుకు ఇంతకంటే తగిన వాక్యనిర్మాణం లేదు. పని మీద పని పడుతూనే ఉంటుంది, అసలు క్రియ ఎప్పటికి వస్తుందో తెలియదు. స్నానాల గది తలుపు బయట తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డవాళ్ళకు ఈ నిరీక్షణ పరిచితమే.

ప్రతిపదార్థం

నూనెన్ = క్లెన్సింగ్ ఆయిల్ అనబడు నూనెను; పూసియున్ = పొడి ముఖమునకు పొడి చేతులతో రాసియు (ఇంతటితో అయిపోలేదని సముచ్చయార్థకమైన 'యు' సూచించుచున్నది); నురుగుతోన్ = నీటితో నురుగు వచ్చు రెండవ క్లెన్సరుతో; ఓర్మిన్ = ఓర్పుతో; కడిగి = శుభ్రము చేసికొని; తడిని = టోనరు, ఎసెన్సు, సీరము, ఆంప్యూలు మొదలగు పేర్లు గల ద్రవములను; నత్తల జిగురును = నత్తలు విడిచిన బంకను; తట్టి తట్టి = అరచేతులతో మెల్లగా తట్టి, మరల తట్టి; కంటి కొసలకున్ = ముడతలు మొదలగు చోటునకు; వేలితోన్ = అనామికతో; కడఁగి = పూనికతో; అలఁది = ఐ క్రీమును పూసి; ఎండగొడుగును = సన్‌స్క్రీనును; పూసి = రెండు వేళ్ళ పొడవున పిండుకొని రాసి; తాన్ = ఆ వ్యక్తి; ఇంటన్ = ఇంటియందే; ఉండు = ఉండును.

తాత్పర్యం

ముఖానికి నూనె పూసి, నురుగుతో కడుక్కుని, రకరకాల నీళ్ళనూ నత్తజిగురునూ చర్మంలోకి ఇంకేలా తట్టి, కంటి చివర్లకు క్రీము రాసి, ఎండ తగలకుండా సన్‌స్క్రీను పూసుకుని, ఆ మీదట ఆ వ్యక్తి ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లోనే ఉంటోందని భావం.

విశేషాలు

ముందు కర్తృవిచారం. 'తాన్' అన్నాడే తప్ప కవి ఎవరినీ పేర్కొనలేదు, స్త్రీ అని అసలే అనలేదు. పాత వ్యాఖ్యాతలైతే 'నాయిక' అని అధ్యాహారం చేసుకుని ముందుకు పోతారు. అది కుదరదు. దక్షిణ కొరియాలో మగవాళ్ళు కూడా దాపరికం లేకుండా పూసుకుంటారు. సైన్యంలో చేరాల్సిన కుర్రాళ్ళు అడవిలో ముఖానికి పులుముకునే పచ్చరంగును సైతం అక్కడి సౌందర్య సాధనాల కంపెనీలు చర్మానికి హాని చేయని రకంగా తయారుచేసి అమ్ముతాయి. కనుక 'తాన్' శబ్దం ఉభయలింగ సాధారణం. ఇంట్లో ఎవరి సీరమో వాళ్ళకు తెలియకుండా తగ్గిపోతోందంటే అనుమానం కూతురి మీదకే పోనక్కర్లేదు.

ఇక కాలదోషం. పద్యంలో నూనె మొదట ఉంది, సన్‌స్క్రీను చివర ఉంది. సంప్రదాయంలో నూనెతో కడగడం రాత్రివిధి, సన్‌స్క్రీను ఉదయవిధి. రెంటినీ ఒకే వాక్యంలో కట్టేయడం కవి అజ్ఞానమా? కాదు. ఒకటి రెండోదానికి కారణం. పగలు పూసిన సన్‌స్క్రీను ఉత్తి నీళ్ళకు దిగదు, దిగకూడదనే దాన్ని అలా తయారుచేస్తారు. జిడ్డును జిడ్డే కరిగించాలి. అందుకని సాయంత్రం నూనె. ఆ నూనె మిగలకుండా మళ్ళీ నురుగు. మొదటి పాదం నాలుగో పాదానికి ప్రాయశ్చిత్తం.

ఇక్కడ పూర్వపక్షం నాయనమ్మది. "ఒంటికి నువ్వులనూనె పట్టించి సున్నిపిండితో రుద్దితే పోయేదానికి రెండు సీసాలెందుకే?" బలమైన పూర్వపక్షం. ముందు నూనె, ఆ వెనక నూనెను వదలగొట్టే పిండి. రెండుసార్లు శుద్ధి చేయాలన్న సిద్ధాంతం మన తలంటులో సంపూర్ణంగా ఉంది. కొరియావాళ్ళు దీన్ని కనిపెట్టారని ఎవరైనా అంటే నాయనమ్మ పక్షాన మేమూ నిలబడతాం. కానీ తలంటు పండక్కో వారానికో, ఇది ప్రతి రాత్రీ. పెసరపిండి గరుకు వీపుకు చెల్లుతుంది, కంటి కింద రోజూ రుద్దితే చెల్లదు. పైగా నువ్వులనూనె నీళ్ళలో కలవదు. సీసాలో నూనెకు నీళ్ళతో కలిసే గుణమున్న పదార్థమొకటి జోడిస్తారు కాబట్టి తడిచేయి తగలగానే అది తెల్లబడి, జిడ్డును వెంటబెట్టుకుని దిగిపోతుంది. నాయనమ్మ సిద్ధాంతానికి జయం, సీసాకు ప్రయోగంలో జయం అని మధ్యవర్తుల తీర్పు.

'నురుగు' అన్నాడు గనుక సబ్బు అనుకోరాదు. చర్మం ఉపరితలం కాస్త ఆమ్లగుణం కలది, పీహెచ్ 5కు అటూ ఇటూ. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. సబ్బుతో కడిగాక ముఖం బిగుసుకుని కిర్రుమంటే దాన్నే శుభ్రత అనుకుంటూ పెరిగాం. అది చర్మం తన నూనెలు పోగొట్టుకుని పెట్టే మొర. ఆ బిగువును పోగొట్టడానికే టోనరు పుట్టిందని కొందరి మతం.

'దట్టి తట్టి' అన్న ఆమ్రేడితం చాలా దూరం పోతుంది. కొరియా భాషలో ఇలా వేళ్ళతో తట్టడాన్ని 'తొక్ తొక్' అంటారు, తడితో నిగనిగలాడే చర్మాన్ని 'చొక్ చొక్' అంటారు. మనలాగే వాళ్ళదీ ధ్వన్యనుకరణ మీద బతికే భాష. ఎన్నిసార్లు తట్టాలి? ఒకే టోనరును ఒకదాని మీదొకటి ఏడుసార్లు పూయాలని ఒక శాఖ, దానికి 'సెవెన్ స్కిన్' పద్ధతి అని పేరు. అక్కడ టోనరునే 'స్కిన్' అంటారు గనుక ఏడు చర్మాలు మొలుస్తాయని భయపడనక్కర్లేదు. క్రమం విషయంలో మాత్రం శాఖాభేదం లేదు. పల్చటిది ముందు, చిక్కటిది వెనక.

తట్టినదంతా లోపలికి పోతుందా అని శంక. చర్మం పైపొర మృతకణాల గోడ. దాని మందం వెంట్రుక మందంలో సగానికి సగం కూడా ఉండదు, కానీ కాపలా గట్టిది. సుమారు 500 డాల్టన్లకు మించిన అణువు ఆ గోడ దాటడం కష్టమని చర్మశాస్త్రంలో స్థూలసూత్రం. కొలాజెన్ అణువు బరువు దాదాపు మూడు లక్షల డాల్టన్లు. సీసా మీద 'కొలాజెన్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది గుమ్మం బయటే కూర్చుంటుంది. హయలురోనిక్ ఆమ్లంలో బరువైన రకాలదీ అదే గతి. బయట కూర్చున్నంత మాత్రాన నిష్ప్రయోజనం కాదు, అక్కడ తడిని పట్టి ఉంచుతుంది. నయాసినమైడ్ మాత్రం చిన్న అణువు, గోడ దాటగలదు. ధర చూసి కాదు, అణువు సైజు చూసి తట్టాలని ఈ ఆమ్రేడితానికి మా వ్యాఖ్య.

ఇప్పుడు నత్త. పద్యానికి ప్రాణం ఈ మాటే, తగవులకు మూలమూ ఇదే. కోస్‌ఆర్‌ఎక్స్ అనే కొరియా సంస్థ చేసే ఎసెన్సు పేరులోనే 96 అన్న అంకె ఉంటుంది. సీసాలో నూటికి 96 వంతులు వడగట్టిన నత్తస్రావమని అర్థం. మిగిలిన నాలుగు వంతుల్లో హయలురోనేట్, పాంథెనాల్, అల్లాంటోయిన్, చెడిపోకుండా ఉంచే మందులు సర్దుకుంటాయి. రంగు లేదు, అరచేతుల మధ్య దారాలుగా సాగుతుంది. చర్మం మీద పల్చని పొరగా నిలిచి తడిని ఆవిరి కానీయదు. నచ్చినవాళ్ళు దాన్ని వదలరు, తొలిసారి చూసినవాళ్ళు ఇంకో గదిలోకి వెళ్ళిపోతారు.

శాకాహారుల ఇళ్ళలో ఇక్కడ పాఠాంతరం ఉంది: 'తడిని మెంతుల జిగురును దట్టి తట్టి' అని. నత్తల, మెంతుల, రెండూ భగణాలే కాబట్టి ఛందస్సుకు భంగం లేదు. నానబెట్టిన మెంతులకు జిగురుండటమూ నిజమే. అయినా ఈ పాఠాన్ని మేము అంగీకరించం. యతికి అవసరం లేని చోట కవి 'నత్తల' అని కోరి వేశాడంటే ఇంట్లోవాళ్ళ ముక్కు విరుపు చూడాలనే. నత్తను చంపరు, వలల మీద పాకనిచ్చి అది విడిచిన జిగురునే తీసుకుంటారని తయారీదార్లు చెబుతారు. పట్టుపురుగును ఉడికించి తీసిన దారంతో నేసిన చీర కట్టుకుని నత్త దగ్గర ముక్కు మూసుకోవడం ధర్మశాస్త్రం ప్రకారం ఎంతవరకు నిలుస్తుందో పెద్దలు ఆలోచించాలి.

'తడిని' అన్న మాటలో మొక్కల సారాలన్నీ ఇమిడి ఉన్నాయి. వాటిలో రెంటిని మనవాళ్ళు గుర్తుపట్టాలి. ఒకటి 'సికా' అని పెట్టె మీద రాసి ఉండే ఆకు. అది సెంటెల్లా ఏషియాటికా, అంటే మన మండూకపర్ణి, సరస్వతి ఆకు. తెలివి పెరుగుతుందని పిల్లలచేత మనం తినిపిస్తాం, ఎర్రదనం తగ్గుతుందని వాళ్ళు బుగ్గలకు పూస్తారు. దానికే పులిగడ్డి అనీ పేరు. గాయపడ్డ పులులు అందులో పొర్లుతాయని కథ.

రెండోది మగ్‌వర్ట్, కొరియాలో 'స్సుక్'. మన మాచిపత్రికి అతి దగ్గరి చుట్టం. వినాయక చవితినాడు 21 పత్రుల్లో మొదట వేసేది మాచిపత్రి, అదీ 'సుముఖుడు' అన్న నామంతో. మంచి ముఖం గలవాడికి ముఖానికి పనికొచ్చే ఆకు పెట్టారన్నమాట. ఈ ఆకు దగ్గరే మేము వాయిదా వేసిన వ్రతకథ ఉంది.

13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన 'సంగుక్ యుసా'లో కథ ఇది. ఒక ఎలుగుబంటీ ఒక పులీ మనుషులు కావాలని స్వర్గం నుంచి దిగివచ్చిన హ్వానుంగ్‌ను వేడుకున్నాయి. ఆయన ఓ మగ్‌వర్ట్ కట్టనూ 20 వెల్లుల్లినీ ఇచ్చి, ఇవే తిని 100 రోజులు ఎండ మొహం చూడకుండా ఉండమన్నాడు. రెండూ గుహలోకి పోయాయి. పులి ఓర్చుకోలేక బయటికి ఉరికింది. ఎలుగు ఓర్చుకుంది, 21 రోజులకే స్త్రీ అయింది. ఆమెకు పుట్టిన కొడుకే కొరియా తొలి రాజ్యాన్ని స్థాపించిన దాన్గున్. ఒక జాతి పుట్టుక కథలోనే మొక్కల సారం, రోజుల తరబడి పథ్యం, ఎండ నిషేధం మూడూ ఉన్నాయి. మూలంలోని 'ఓర్మిన్' అన్న పదానికి ఇంతకంటే ప్రమాణం అక్కర్లేదు. పారిపోయిన పులి సంగతంటారా, అది ఇప్పుడు పులిగడ్డి రూపంలో సికా క్రీము డబ్బా ఎక్కి తిరిగొచ్చిందని మా ఊహ.

కంటి కొసల గురించి ఎక్కువ చెప్పేది లేదు. అక్కడి చర్మం ముఖంలోకెల్లా పల్చన, ఉంగరం వేలు గట్టిగా నొక్కదు, అందుకని ఆ వేలు. షీట్ మాస్కును కవి ఎందుకు వదిలేశాడో తెలియదు. పదిహేను, ఇరవై నిమిషాలు మాటామంతీ లేకుండా పడుకోవాల్సిన ఆ ఘట్టంలో క్రియ లేదు గనుక పద్యంలో ఇమడలేదేమో.

ఫలం విషయం. ఇంతా చేస్తే వచ్చేదాన్ని 'గ్లాస్ స్కిన్' అంటున్నారు, 2017 నుంచి ఈ మాట ఊరూరా పాకింది. గాజులా నునుపుగా, కాంతి తిరిగి కొట్టేలా ఉండాలట. మన ప్రబంధకవులు నాయిక బుగ్గలను చెక్కుటద్దములనే రాశారు, కాబట్టి ఉపమానం మనకు కొత్తది కాదు. మెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. మొత్తం పద్యంలో 'తెలుపు' అన్న మాట లేదు. కొరియాలో ఆ మాట చట్టంలోనే ఉంది. 2000 నుంచి అక్కడ ఫంక్షనల్ కాస్మెటిక్స్ అనే ప్రత్యేక వర్గం ఉంది. ముడతలు తగ్గించేవి, ఎండ ఆపేవి, వాటి సరసన తెలుపు చేసేవి. నయాసినమైడ్ 2 నుంచి 5 శాతం ఉంటే మూడోదానికి, అడినోసిన్ 0.04 శాతం ఉంటే మొదటిదానికి. తెలుగింట్లో పెళ్ళిచూపుల భాష వినీ వినీ విసిగినవాళ్ళు ఆ మూడో వర్గాన్ని దిగుమతి చేసుకోకుండా ఉంటే బాగుండును. మన కవి దాన్ని వదిలేసినందుకు వ్యాఖ్యాత నమస్కారం.

సంఖ్యావిచారం అసలైన చిక్కు. పది మెట్లు ఎవరు పెట్టారు? కొరియా ఇళ్ళలో పెద్దలు వేసిన లెక్క కాదిది. పొరలు పొరలుగా పూసే అలవాటు అక్కడ ఉన్నమాట నిజం. దాన్ని పది మెట్లని లెక్కగట్టి లోకానికి అందించినవాళ్ళలో ముఖ్యురాలు షార్లెట్ చో. కాలిఫోర్నియాలో పుట్టి, ఉద్యోగానికి సియోల్ వెళ్ళి, 2012లో సోకో గ్లామ్ అనే దుకాణం తెరిచి, 2015లో ఈ విద్య మీద పుస్తకం రాసిన కొరియన్ అమెరికన్. అమెరికాలో పది మెట్లు ఎక్కుతున్న రోజుల్లోనే సియోల్‌లో దిగడం మొదలైంది. 2018 ప్రాంతాల్లో అక్కడ 'స్కిప్ కేర్' అన్న మాట పుట్టింది, సగం సీసాలు మానేయడమే ఆ పద్ధతి. అదే ఏడు కొందరు యువతులు 'కార్సెట్ విడుపు' పేరుతో తమ సౌందర్య సాధనాలను నేలకేసి కొట్టి ఫొటోలు పెట్టారు. వాళ్ళ కోపం పొద్దున్నే అద్దం ముందు పోయే గంటల మీద, అందంగా ఉండటం ఆడదాని డ్యూటీ అన్న మాట మీద.

మా సిద్ధాంతం చెబుతాం. ఈ శాస్త్రానికి అసలు మూలం మూడు మాటలు: కడుగు, తడిపు, ఎండ తగలనీయకు. చర్మవైద్యులు ఇప్పటికీ చెప్పేది ఆ మూడే. టోనరు వాటికి టీక, ఎసెన్సు ఆ టీకకు టిప్పణి, సీరం ఆ టిప్పణికి వివరణ, ఆంప్యూలు ఆ వివరణ మీద ఒక చిన్న శంకా సమాధానం. నాలుగు పాదాలకు ఇన్ని పేజీలు రాసే వృత్తిలో ఉన్నవాళ్ళం, పది సీసాలవాళ్ళను తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాం. వ్యాఖ్యానం ఎక్కువైతే పాఠకుడు లేచిపోతాడు, పూతలు ఎక్కువైతే చర్మం ఎర్రగా పొక్కుతుంది. ఆమ్లాలూ విటమిన్ సీయూ రెటినాలూ ఒకే రాత్రి పట్టించి, ఏది పడలేదో తేల్చుకోలేక వైద్యుడి ముందు కూర్చున్నవాళ్ళున్నారు. కొత్త సీసాను ఒక్కోసారి ఒక్కటే తెరిచి, ముందు చెవి వెనక రాసి చూడాలి.

దేశకాలాలు కూడా చూడాలి. సియోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన. ఇంట్లో నేల కింద నుంచి వేడిచేసే ఓందోల్ గాలిలో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది. ఆ గదిలో ఏడు పొరల తడి విలాసం కాదు, అవసరం. అదే వరుసను మే నెలలో నలభై డిగ్రీలు దాటే రాజమండ్రిలో పాటిస్తే చిక్కటి క్రీము చెమటతో కలిసి మెడ మీదికి దిగుతుంది. అక్కడ రెండో పాదంలో ఒక్క 'తట్టి' చాలు, రెండోది గాలికి వదిలేయవచ్చు.

చివరికి ఎండగొడుగు. సన్‌స్క్రీనుకు గొడుగని పేరు పెట్టడం రూపకం. డబ్బా మీద దాని గుణం చెప్పే అంకె ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి తేల్చినది. జనం పూసేది చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు, గొడుగు సగం తెరిచినట్టే. అందుకే ప్రతిపదార్థంలో రెండు వేళ్ళ పొడవు అని చేర్చాం. జింకు, టైటానియం కలిపినవాటిని అంత దండిగా రాస్తే చామనచాయ ముఖాలు విభూతి పూసుకున్నట్టు కనిపిస్తాయి. ఆ కారణంగా మనవాళ్ళు తగ్గించి పూస్తారు. తెల్లబడని రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, వెతుక్కోవాలి.

నాలుగో పాదానికి మరో పాఠం ఉంది: 'తా నెండ కేఁగు' అని. ఎండకు వెళుతుందని అర్థం. యతీ గణాలూ కుదురుతాయి, అర్థమూ సుగమం. లోకజ్ఞానం గల లేఖకుడెవరో 'సన్‌స్క్రీను పూసుకుని ఇంట్లో ఉండటమేమిటి' అని దిద్ది ఉంటాడు. కష్టమైన పాఠమే అసలైనదని పరిష్కర్తల నియమం కాబట్టి 'ఇంట నుండు'నే మేము గ్రహించాం. దానికి శాస్త్రసమర్థన ఉంది. మామూలు కిటికీ అద్దం యూవీబీ కిరణాలను చాలావరకు ఆపుతుంది, యూవీఏను అంతగా ఆపదు. కమిలిపోవడం మొదటిదాని పని, ముడతలు తేవడంలో పెద్దపాలు రెండోదానిది. కిటికీ పక్కన కూర్చుని లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ళు ఎండలో ఉన్నట్టే లెక్క.

అయితే కవి ఆమెనో అతన్నో ఇంట్లో ఉంచడానికి అసలు కారణం వేరే ఉంది. బయటికి పంపితే ఆరుబయట రెండు గంటలకోసారి సన్‌స్క్రీను మళ్ళీ పూయాలి. చెమట పట్టినా పూయాలి, తుడుచుకున్నా పూయాలి. పదింటికి గడప దాటిన మనిషి సాయంత్రం దాకా తిరిగితే 'బూసి' అన్న క్రియ నాలుగైదుసార్లు రావాలి. తేటగీతికి ఉన్నవి నాలుగు పాదాలే.